వందేళ్ల ఇంట్లో ఆవిరి బాయిలర్ మూలపడితే: కొత్తది పెట్టాలా, పద్ధతే మార్చాలా?

జనవరిలో ఒక ఉదయం లేచేసరికి మా హాల్లో థర్మోస్టాట్ 49 చూపిస్తోంది. ఫారన్‌హీట్‌లో 49 అంటే మనకు అలవాటైన లెక్కలో 9 డిగ్రీలు. బయట మైనస్ 15. మసాచుసెట్స్‌లో 1890లలో కట్టిన చెక్క ఇల్లు మాది. కొనేటప్పుడు నగిషీ చెక్కిన మెట్ల కటకటాలనూ రంగు గాజుల కిటికీనీ చూసి మురిసిపోయాం గానీ, బేస్‌మెంట్‌లో కూర్చున్న ఆ ఇనుప ఏనుగు వైపు ఎవరమూ సరిగా చూడలేదు. హైదరాబాద్ నుంచి వచ్చిన అమ్మ రెండు శాలువాలు కప్పుకుని, గదిని వెచ్చబెట్టే ఇనుప రేడియేటర్ మీద చెయ్యి పెట్టి చూసి, "ఇది పొయ్యేనా, ఐసు దిమ్మా?" అంది. అంతకుముందు రాత్రి దాని పక్కన పెట్టిన ఇడ్లీ పిండి పెట్టింది పెట్టినట్టే ఉంది.

తర్వాతి మూడు వారాల్లో నలుగురు కాంట్రాక్టర్లు వచ్చి నాలుగు సలహాలు ఇచ్చారు. అదే సైజులో కొత్త ఆవిరి బాయిలర్ పెట్టమని ఒకరు, ఆవిరి మానేసి వేడినీళ్ల పద్ధతికి మారమని ఒకరు, అన్నీ పీకేసి హీట్ పంపులు (బయటి గాలిలోని వేడిని కరెంటుతో ఇంట్లోకి లాగే యంత్రాలు) పెట్టమని ఇంకొకరు. నాలుగో ఆయన మాత్రం గంటసేపు టేపు పట్టుకుని ఇల్లంతా తిరిగాడు. ఎందుకు తిరుగుతున్నాడో నాకు అప్పుడు అర్థం కాలేదు. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో పాత ఇల్లు కొనుక్కుని ఇదే సందిగ్ధంలో ఉన్నవారి కోసం, ఆ మూడు వారాల్లో నేర్చుకున్నది రాస్తున్నాను.

## చలికి కారణం బాయిలరేనా?

మా ఇంట్లో ఉన్నది ఒకే పైపు పద్ధతి. బాయిలర్‌లో నీరు మరిగి ఆవిరై పైకి వెళ్తుంది, రేడియేటర్‌లో చల్లబడి నీరవుతుంది, ఆ నీరు అదే పైపులోంచి కిందికి జారి వస్తుంది. పంపు లేదు, ఫ్యాను లేదు. నీరు ఆవిరైతే సుమారు 1,700 రెట్లు వ్యాకోచిస్తుంది, ఆ తోపుడుతోనే ఇల్లంతా తిరుగుతుంది. అయితే పైపుల్లో అప్పటికే ఉన్న గాలి బయటికి పోతేనే ఆవిరికి చోటు. అందుకే ప్రతి రేడియేటర్ పక్కనా, బేస్‌మెంట్‌లో పెద్ద పైపుల చివరలా గాలి వాల్వులు ఉంటాయి. ఇవి ఏళ్ల తరబడి తుప్పు, రంగు పూతలతో మూసుకుపోయి ఉంటే బాయిలర్ ఎంత గొప్పదైనా చివరి గదికి ఆవిరి చేరదు.

చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. పై అంతస్తు చల్లగా ఉందని ఎవరో ప్రెజర్ పెంచుతారు. ఇళ్లలో ఆవిరి 2 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి 2 పౌండ్ల ఒత్తిడి) లోపే నడవాలి. అంతకు మించితే వాల్వులు బుసలు కొడతాయి, ఇంధనం కాలిపోతుంది, గది మాత్రం వెచ్చబడదు. కుక్కర్ విజిల్ గట్టిగా వేసినంత మాత్రాన పప్పు త్వరగా ఉడకదు కదా. పైపుల్లో సుత్తితో కొట్టినట్టు చప్పుడు వస్తుంటే ఎక్కడో వాలు తప్పి నీరు నిలిచిందని అర్థం. అదీ బాయిలర్ తప్పు కాదు.

బాయిలర్ నిజంగా పోయిందా అన్నది తేల్చడానికి ఒక పాత పరీక్ష ఉంది. దాన్ని ఆపి, చల్లారనిచ్చి, నీటి మట్టం చూపే గాజు గొట్టంలో మామూలుగా కనిపించే మట్టం దాటేదాకా నీరు నింపి వదిలేస్తారు. పోత ఇనుప దిమ్మెలకు పైభాగంలో చిల్లు ఉంటే నీరు కింద మంట గదిలోకి కారుతుంది. మాది కారింది. అంతకు ముందు నెల రోజులుగా చిమ్నీ నుంచి తెల్లటి పొగ దట్టంగా వస్తోందని పక్కింటాయన చెప్పినప్పుడే నేను గ్రహించి ఉండాల్సింది. ఇంటిని వెచ్చబెట్టాల్సిన ఆవిరి ఆకాశంలోకి పోతోందన్నమాట.

మీ బాయిలర్ ఈ పరీక్షలో నిలబడితే కొత్తది కొనే తొందర మానండి. గాలి వాల్వులు మార్చి, ప్రెజర్ తగ్గించి, బేస్‌మెంట్ పైపులకు ఒక అంగుళం మందం ఫైబర్‌గ్లాస్ తొడుగు వేయించి ఒక చలికాలం చూడండి. పైపుల మీద పాత తెల్లటి పూత ఉంటే మాత్రం ముట్టుకోకండి. అది ఆస్బెస్టాస్ కావచ్చు. పరీక్ష చేయించి, లైసెన్సు ఉన్నవాళ్లతోనే తీయించాలి.

## దేన్ని బట్టి తేల్చుకోవాలి

మొదటిది రేడియేటర్ల కొలత. నాలుగో కాంట్రాక్టర్ టేపుతో చేసింది ఇదే. మా హాల్లో రేడియేటర్ 38 అంగుళాల ఎత్తు, పక్క నుంచి చూస్తే మూడు నిలువు గొట్టాల మందం, వరసలో 10 ముక్కలు. ఈ రకానికి పాత పట్టికల్లో వేడి వెదజల్లే ఉపరితలం ముక్కకు 5 చదరపు అడుగులని రాసి ఉంటుంది. పది ముక్కలకు 50. ఆవిరితో ఒక్కో చదరపు అడుగు గంటకు 240 బీటీయూల (బీటీయూ వేడికి ఒక కొలమానం) వేడి ఇస్తుంది, అంటే ఆ ఒక్క రేడియేటర్ 12,000. పదకొండు రేడియేటర్లూ కూడితే 380 చదరపు అడుగులు వచ్చాయి. పాత బాయిలర్ ఎన్ని చదరపు అడుగుల రేడియేటర్లకు ఆవిరి ఇవ్వగలదో రాసిన పలక మీద ఉన్నది 750! దాదాపు రెట్టింపు సైజు దిమ్మెను ఇన్నేళ్లుగా మేపుతూ వచ్చామన్నమాట. "అదే సైజు పెట్టేద్దాం" అన్న మొదటి కాంట్రాక్టర్ ఆ పలక తప్ప ఇంకేమీ చూడలేదు.

ఆవిరి బాయిలర్‌ను ఎంచుకునేది ఇంటి సైజును బట్టి కాదు, రేడియేటర్ల మొత్తాన్ని బట్టి. వేడినీళ్ల బాయిలర్‌కూ హీట్ పంపుకూ మాత్రం ఇల్లు గంటకు ఎంత వేడి పోగొట్టుకుంటోందన్న లెక్క కావాలి. ఈ తేడా తెలియని మనిషి చేతిలో మీ ఇల్లు పెట్టకండి.

రెండోది, ఆ పోతున్న వేడే. ఆ కాలపు చెక్క ఇళ్లలో చాలావాటికి గోడల లోపలి ఖాళీ పునాది నుంచి అటక దాకా అడ్డు లేకుండా సాగుతుంది. బేస్‌మెంట్ గాలి ఆ దారిన చిమ్నీలో పొగలా పైకి పోతుంది. అటక నేల, పునాది అంచు మూసి, కిటికీలకు లోపలి అద్దాల పలకలు బిగిస్తే వచ్చే తేడా బాయిలర్ మార్చినా రాదు. గోడల్లో ఇన్సులేషన్ నింపే ముందు పాత పింగాణీ గుబ్బల మీద సాగే విద్యుత్ తీగలు ఉన్నాయేమో చూపించుకోవాలి. ఉంటే ముందు అవి మార్చాలి.

మూడోది ఇంధనం ధర. అన్నింటినీ పది లక్షల బీటీయూల లెక్కకు తెస్తే పోల్చవచ్చు. గ్యాస్ థర్మ్‌కు లక్ష బీటీయూలు, ఆయిల్ గ్యాలన్‌కు 1,38,500, కరెంటు యూనిట్‌కు 3,412. ఉదాహరణకు గ్యాస్ థర్మ్ 2 డాలర్లు, ఆయిల్ గ్యాలన్ 4 డాలర్లు, కరెంటు యూనిట్ 30 సెంట్లు అనుకుందాం. 82 శాతం సామర్థ్యంతో గ్యాస్ ఆవిరికి 24 డాలర్ల చిల్లర పడుతుంది, అదే సామర్థ్యంతో ఆయిల్‌కు 35. ఒక యూనిట్ కరెంటుకు 2.7 రెట్ల వేడి ఇచ్చే హీట్ పంపుకు సుమారు 32 డాలర్ల 60 సెంట్లు. అంటే ఈ ధరల్లో గ్యాస్ ఉన్నవారికి హీట్ పంపు నెలనెలా డబ్బు మిగల్చదు, ఆయిల్ ఉన్నవారికి కొంచెం మిగులుస్తుంది. మీ బిల్లుల్లోని అంకెలు పెట్టి మీరే లెక్క వేసుకోండి. పక్క ఊళ్లోనే కరెంటు సంస్థ వేరైతే జవాబు తిరగబడుతుంది.

నాలుగోది, తుపాను వచ్చి రెండు రోజులు కరెంటు పోతే ఏమవుతుందన్నది. ఐదోది ఇంటి రూపం. మసాచుసెట్స్‌లో 1960 నాటి చట్టం కింద చారిత్రక ప్రాంతంగా ప్రకటించిన వీధుల్లో, దారిన పోయేవారికి కనిపించే బయటి మార్పులకు స్థానిక సంఘం అనుమతి కావాలి. ఇంకొకటి, ఆ ఇంట్లో ఎన్నాళ్లుంటారో మీకే తెలియాలి.

## ఆవిరి పద్ధతినే ఉంచి కొత్త బాయిలర్

పైపులు, రేడియేటర్లు బాగున్న ఇంటికి నా ఓటు దీనికే, ముఖ్యంగా గ్యాస్ లైను ఉంటే. గోడలు పగలవు. రెండు మూడు రోజుల్లో పని అయిపోతుంది. మాకు వచ్చిన కొటేషన్లలో దీన్ని ఒకటి అనుకుంటే ఆవిరి మానేసే రెండు దారులూ రెండున్నర, మూడు రెట్లు పలికాయి.

సామర్థ్యం తక్కువన్నది నిజమే. 2021 నుంచి అమల్లో ఉన్న సమాఖ్య నిబంధన ప్రకారం గ్యాస్ ఆవిరి బాయిలర్‌కు కనీసం 82 శాతం, ఆయిల్‌దైతే 85. నీటిని మరిగించాల్సిందే కాబట్టి అంతకన్నా పెద్దగా పెరిగే వీలూ లేదు. కానీ మా పాతది రెట్టింపు సైజుతో క్షణానికోసారి ఆగి మళ్లీ వెలుగుతూ తగలేసిన ఇంధనం ముందు ఇది చిన్న లోటు.

చలి ఇంటికి ఆవిరిలో ఉన్న ఒక గుణం ఎవరూ చెప్పరు. ఆగిపోయినప్పుడు రేడియేటర్లలో నీరు దాదాపు ఉండదు. మా ఇల్లు 49కి పడిపోయిన రోజు పై అంతస్తులో ఏ రేడియేటరూ పగలలేదంటే కారణం అదే. బాయిలర్‌లోనూ, బేస్‌మెంట్ నేల వెంట నీటిని బాయిలర్‌కు తిరిగి తెచ్చే తిరుగు పైపులోనూ మాత్రం నీరుంటుంది, వాటిని కాచుకోవాలి. కరెంటు పోయినా మామూలు గ్యాస్ ఆవిరి బాయిలర్‌కు కావలసింది కంట్రోళ్లకు కాస్త విద్యుత్తే. చిన్న జనరేటర్ చాలు.

దీని బాధ మనిషి దొరకడం. ఆవిరి తెలిసిన పనివాళ్లు తగ్గిపోతున్నారు. బాయిలర్ మంచిదైనా, దాని చుట్టూ పైపులు తప్పుగా కలిపితే ఆవిరితో పాటు నీళ్లూ పైకి ఎగదన్నుతాయి.

## ఆవిరి నుంచి వేడినీళ్లకు

కాగితం మీద ఇది ఎంతో బాగుంటుంది. 95 శాతం సామర్థ్యం, నిశ్శబ్దం, గదికో అదుపు. 82 నుంచి 95కి వెళ్తే ఇంధనం సుమారు ఏడో వంతు తగ్గుతుంది. అయితే తిరిగి వచ్చే నీరు 130 డిగ్రీల ఫారన్‌హీట్ కన్నా చల్లగా ఉన్నప్పుడే ఆ బాయిలర్ తన పూర్తి పనితనం చూపుతుంది. పాత ఇళ్ల రేడియేటర్లు పెద్దవి కావడం ఇక్కడ కలిసొస్తుంది. మా 380 చదరపు అడుగులు సగటున 170 డిగ్రీల నీటితో గంటకు 57,000 బీటీయూలు ఇస్తాయి. గాలి చొరబడే సందులు బాగా మూసిన ఇంటికి అది చాలవచ్చు.

ఇక చిక్కులు. ఒకే పైపు ఇంట్లో ప్రతి రేడియేటర్‌కూ రెండో పైపు వేయాలి, అంటే ప్లాస్టర్ గోడలు పగలగొట్టాలి. ముక్కలు కింద మాత్రమే అతికి ఉండి పైన కలవని రేడియేటర్లు ఆవిరి కోసమే చేసినవి, వాటిని మార్చుకోవాల్సి వస్తుంది. ఒకటిన్నర పీఎస్‌ఐకి అలవాటుపడిన నూటముప్పై ఏళ్ల అతుకుల మీద ఒక్కసారిగా 12, 15 పీఎస్‌ఐ పెడితే ఏది ఎప్పుడు కారుతుందో చెప్పలేం. పైగా ఇప్పుడు ప్రతి గదిలోనూ నీరు నిండి ఉంటుంది. ఊరెళ్లినప్పుడు బాయిలర్ ఆగితే, తిరిగొచ్చేసరికి హాల్లో మంచు గడ్డ, పగిలిన ఇనుము.

మీది ఆవిరికొకటి, తిరిగొచ్చే నీటికొకటి ఉండే రెండు పైపుల పద్ధతి అయితే మాత్రం దీన్ని గట్టిగా ఆలోచించండి. సగం పని ముందే అయిపోయి ఉంటుంది. ఒకే పైపు ఇంటికైతే, ఎలాగూ గోడలన్నీ విప్పి పునరుద్ధరిస్తున్నప్పుడు తప్ప నేను చెప్పను.

## పూర్తిగా హీట్ పంపులు

చలి ప్రాంతాల కోసం చేసిన హీట్ పంపులు మైనస్ 25 సెల్సియస్ దగ్గర కూడా పనిచేస్తాయి. "మంచులో పనికిరావు" అన్నది పాత మాట. వేసవిలో ఏసీ కూడా వస్తుంది, అది చిన్న లాభం కాదు. గాలిని గదులకు చేర్చే గొట్టాలు (డక్టులు) లేని ఇంట్లో గదికొక గోడ యూనిట్ పెట్టడం ఒక దారి. రెండు అంగుళాల సన్న గొట్టాలతో గాలిని వేగంగా పంపే పద్ధతి ఇంకో దారి. పాత ఇంటి అల్మారాల మూలల్లోంచి, గోడల మధ్య నుంచి అవి దూరిపోతాయి. రూపం చెడకూడదనుకునేవారికి రెండోదే మేలు, ఖర్చు మాత్రం ఎక్కువ.

ఉన్న రేడియేటర్లకే హీట్ పంపుతో వేడినీళ్లు పంపుదామని కొందరు అంటారు. సగటు నీరు 120 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఉంటే మా 380 చదరపు అడుగులు ఇచ్చేది 19,000 బీటీయూలు. మైనస్ 15 రాత్రికి అది ఏ మూలకు?

బాయిలర్ తీసేశాక వచ్చే రెండు సంగతులు కొటేషన్‌లో కనిపించవు. బేస్‌మెంట్‌ను ఇన్నేళ్లూ వెచ్చగా ఉంచింది ఆ బాయిలరూ దాని పైపులే. అది పోతే బేస్‌మెంట్ చల్లబడి, అక్కడున్న మంచినీళ్ల పైపులు గడ్డకట్టవచ్చు. ఇక గ్యాస్ వాటర్ హీటర్ పొగ కూడా అదే చిమ్నీలోకి పోతుంటే, ఒంటరిగా మిగిలిన ఆ చిన్న మంటకు అంత పెద్ద చిమ్నీ సరిగా లాగదు. లోపల లైనర్ వేయించాలి, లేదా హీటర్ మార్చాలి.

రాయితీల మాటకొస్తే, పాత వ్యాసాల్లో కనిపించే 30 శాతం సమాఖ్య పన్ను రాయితీ 2025 డిసెంబరు 31తో ముగిసింది. రాష్ట్ర పథకాలు ఏటా మారుతున్నాయి, సంతకానికి ముందు ఆ ఏడాది నియమాలే చూడండి. భూమిలో బోర్లు వేసే భూతాప పంపులు మంచివే, కానీ వాటికి స్థలం కావాలి, డబ్బు సంచీ కావాలి. ఇక్కడితో వాటిని వదిలేస్తున్నాను.

## రెండూ కలిపి

సరైన సైజు ఆవిరి బాయిలర్‌తో పాటు, ఎక్కువ సేపు గడిపే చోట ఒకటి రెండు హీట్ పంపు యూనిట్లు. అక్టోబరు, నవంబరు, ఏప్రిల్ నెలల్లో హీట్ పంపు తక్కువ కరెంటుతో ఎక్కువ వేడి ఇస్తుంది. జనవరిలో ఆవిరి. చివరికి మేం చేసింది ఇదే, కాకపోతే బాయిలర్ ఒక ఏడాది, హీట్ పంపు మరుసటి ఏడాది. రెండు యంత్రాల సర్వీసు ఖర్చు భరించాలి. రెండు థర్మోస్టాట్లు ఒకదానితో ఒకటి పోట్లాడకుండా చూసుకోవడం మాకూ ఒక చలికాలం పట్టింది.

| | కొత్త ఆవిరి బాయిలర్ | వేడినీళ్లకు మార్పు | పూర్తి హీట్ పంపులు | రెండూ కలిపి |
|---|---|---|---|---|
| మాకు పలికిన ఖర్చు | 1 వంతు | 3 వంతులు | 2.5 వంతులు | 1.7 వంతులు |
| గోడలు పగలడం | లేదు | ఒకే పైపు ఇంట్లో చాలా | కొంత | చాలా తక్కువ |
| కరెంటు పోతే | చిన్న జనరేటర్ చాలు | పంపుకూ కావాలి | పెద్ద ఏర్పాటు కావాలి | చిన్న జనరేటర్ చాలు |
| గడ్డకట్టే ముప్పు | రేడియేటర్లకు తక్కువ | ఎక్కువ | బేస్‌మెంట్ పైపులకు | తక్కువ |
| వేసవి చల్లదనం | లేదు | లేదు | ఉంది | కొన్ని గదుల్లో |

## ఎవరికి ఏది

నడి చలికాలంలో బాయిలర్ పోయి వణుకుతున్నవారు ఇంటి పద్ధతి మొత్తం మార్చే నిర్ణయం ఇప్పుడు తీసుకోకూడదు. తలనొప్పికి తలగడ మార్చినట్టవుతుంది. ఎలక్ట్రిక్ హీటర్లు గోడ సాకెట్‌కే పెట్టి, ఒక్కో సర్క్యూట్‌కు ఒకటే వాడుతూ, రాత్రి కుళాయిలు సన్నగా కారనిస్తూ, రేడియేటర్లు కొలిచే మనిషి దొరికేదాకా ఒక వారం నెట్టుకురండి. ఆ వారం మీకు వేల డాలర్లు మిగులుస్తుంది.

మూడు నాలుగేళ్లలో అమ్మేసి వెళ్లేవారికి సరైన సైజు ఆవిరి బాయిలర్ చాలు. ఆయిల్ వాడుతూ, కప్పు మీద సోలార్ ఉండి, గాలి సందులు మూసే పని కూడా పూర్తయినవారికి హీట్ పంపులే సరి. ఇండియా నుంచి పెద్దవాళ్లు వచ్చి నెలల తరబడి ఉండే ఇంట్లో రేడియేటర్లు తీసేయకండి. ముఖానికి వేడి గాలి కొట్టడం వేరు, పక్కన వెచ్చటి ఇనుము ఉండటం వేరు. మా అమ్మ హీట్ పంపు గాలి తగలగానే ఆపేయమంటుంది. మూడు కుటుంబాలకు అద్దెకిచ్చిన ఇంటి యజమానులకు ఎవరి బిల్లు వారు కట్టుకునే హీట్ పంపు ఆకర్షణీయంగా కనిపిస్తుంది. కానీ చలి బిల్లు మొత్తం అద్దెదారు నెత్తిన పడుతుంది కాబట్టి, ముందు ఇల్లు సీల్ చేసి ఆ మాట మాట్లాడటం న్యాయం.

## సంతకానికి ముందు

ఆవిరి ఎంచుకుంటే ఒప్పందంలో ఇవి రాయించండి. రేడియేటర్ల మొత్తం చదరపు అడుగులు, దానికి సరిపోయే బాయిలర్ మోడల్. పలక మీది చదరపు అడుగుల అంకెలో పైపులు వేడెక్కడానికి కావలసిన 33 శాతం ముందే కలిసి ఉంటుంది, ఎవరైనా "కాస్త పెద్దది వేద్దాం" అంటే ఒప్పుకోకండి. బాయిలర్ పై పైపులు ఉక్కువే కావాలి, రాగి వద్దు. పెద్ద పైపుల చివర కొత్త గాలి వాల్వులు, నీరు తగ్గితే మంటను ఆపే పరికరం, హార్ట్‌ఫర్డ్ లూప్. ఈ చివరిది 1919లో ఒక బాయిలర్ బీమా సంస్థ సూచించిన పైపు అమరిక. తిరుగు పైపు ఎక్కడైనా చిల్లుపడినా బాయిలర్‌లోని నీరంతా ఖాళీ కాకుండా కాపాడుతుంది. ఆ సంస్థ 1866లో పుట్టింది. అంతకు ముందు ఏడాదే మిసిసిపీ నదిలో సుల్తానా అనే ఓడ బాయిలర్ పేలి వెయ్యి మందికి పైగా చనిపోయారు.

అన్నింటికన్నా ఎక్కువగా ఎగ్గొట్టే పని, నీటి మీది నూనె తీయడం. కొత్త బాయిలర్‌లో, కొత్త పైపుల మరల్లో తయారీ నూనె మిగిలి ఉంటుంది. అది నీటి మీద తేలితే మరిగేటప్పుడు పులుసు పొంగినట్టు నీరు ఎగిసి పైపుల్లోకి పోతుంది. పక్కన ప్రత్యేకంగా ఉన్న ద్వారం తెరిచి, పెన్సిల్ మందం ధారగా, చాలా నెమ్మదిగా, గంటల తరబడి పైనీటిని పొర్లించాలి. మా కాంట్రాక్టర్ ఇరవై నిమిషాలు చేసి వెళ్లిపోయాడు. వారం పాటు గాజు గొట్టంలో నీరు నాలుగు వేళ్లు ఎగిరెగిరి పడింది. చివరికి ఒక ఆదివారం నేనే బకెట్టు, స్టూలు వేసుకుని బేస్‌మెంట్‌లో కూర్చున్నాను. ఐదో బకెట్టు దాకా నీటి మీద ఇంద్రధనుస్సు రంగులు తేలాయి. సాయంత్రానికి గాజు గొట్టంలో నీరు కదలడం మానేసింది. ఆ రాత్రి రేడియేటర్ పక్కన పెట్టిన పిండి తెల్లారేసరికి గిన్నె మూతను ఎత్తేసింది.